నలభై నిమిషాలు

క్లాక్స్‌విక్ రేవులో రాత్రి పదకొండు.
వలల గోదాములో పని ముగించుకొచ్చి
తడి మేజోళ్ళు హీటరు మీద ఆరేసి
తూరిద్ వికీ తెరుస్తుంది.

ఆటుపోట్ల లెక్క కట్టే సాఫ్ట్‌వేరు అది.
ఎవరి సొత్తూ కాదు, కాబట్టి
ఊడ్చేవాళ్ళూ తక్కువే.

ఇవాళ పదిహేడు.
బట్టతలకి నూనె, జూదానికి పిలుపు,
ఓడరేవుల పట్టిక నడుమ
ఎవరిదో చవక చేతిగడియారం.
చెరిపేస్తుంది. మళ్ళీ చెరిపేస్తుంది.
తిట్టదు. బియ్యంలో రాళ్ళని ఎవరు తిడతారు?

పద్దెనిమిదోది,
నిన్న పుట్టిన ఖాతా, పేరు నిండా అంకెలు,
యంత్రం నమిలి ఉమ్మిన వాక్యం:
"చంద్రుడు మా రేవుకి ఆలస్యం మిత్రమా
నలభై నిమిషం, పడవ కూర్చుంది బురద."

వేలు మీట మీదికి వెళ్ళింది కూడా.

బురద.
అమ్మేవాడెవడూ బురద మాట ఎత్తడు.

పటం తీసింది. చిలీ దక్షిణాన ఓ చిన్న రేవు.
పాత కొలతలు, కొత్త కొలతలు, చల్లారిన కాఫీ.
రెండున్నరకి తేలింది, తప్పు మనదే.
ఆ అంకె ఆరేళ్ళ కిందట
తనే ఎక్కించింది.

సరిదిద్ది, కింద రాసింది:
"పడవ లేచిందా?"

పొద్దున్నే జవాబుంది.
దాని పైనా కిందా
బట్టతల నూనె.