నలభై కవర్లు

నలభై బ్రౌను కవర్లు నేనే అంటించాను,
హాస్టల్ గదిలో, ఫ్యాను ఆపి, జిగురు ఆరేదాకా.
ఇరవైటిలో ప్లేటు, ఇరవైటిలో రాడ్డు.
పేకముక్కల్లా కలిపేశాను,
ఏది ఎక్కడుందో నాకే తెలియకుండా.
థీసిస్ అంటే అదే మరి.
తొడ ఎముక మోకాలికి బెత్తెడు పైన విరిగి వచ్చిన మనిషికి
నా ఇష్టం కాదు, వాళ్ళ ఇష్టం కాదు,
కవరు ఇష్టం.

పదకొండోది దాడి సూరిదేముడిది.
షిప్‌యార్డులో ఫిట్టరు. నిచ్చెన జారింది.
ఎక్స్‌రేని కిటికీకి ఎత్తిపట్టి
నాకంటే ముందు తనే చదివాడు.
"ఈల్డింగు ఊడిపోనట్టుందమ్మా."

చెప్పాను:
ప్లేటంటే బయటి పక్కన ఆనించి మరమేకులు బిగిస్తాం,
మేకు తల కూడా ప్లేటులోనే మరపట్టి కూర్చుంటుంది.
రాడ్డంటే మోకాలి కీలులోంచి దూర్చి
మూలుగ దారినే పైకి పంపిస్తాం.

ఆయన గెడ్డం గోక్కున్నాడు.
"పలకే ఎయ్యండి గానీ, మరీ బిగించేత్తే పక్క బెజ్జం కాడ పగుల్తాది.
ఓడకైనా ఒళ్ళు కాసింత ఆడాల.
రెండు బెజ్జాలు కాళీగా ఒగ్గెయ్యండి."
మా ప్రొఫెసరు అదే మాట
అరవై స్లైడ్లతో చెప్పారు, మొన్న.

కవరు చింపితే రాడ్డు.

పన్నెండు, ఒలిశెట్టి కొర్లమ్మ.
ఫిషింగ్ హార్బరు, జెట్టీ మెట్ల మీద నాచు,
నెత్తిన వంజరాల గంప.
గంప పడకుండా పట్టుకుంది. తను పడింది.
ఎముక తడిసిన సుద్దముక్కలా ఉంది.
ఆ రాత్రి ఆ కవర్ని
ట్యూబులైటుకి అడ్డంగా పట్టాలనిపించింది.
పట్టలేదు.
పట్టలేదని రాస్తున్నాను గానీ
చెయ్యి సగందాకా లేచింది.

ప్లేటు.

ఆరు వారాలు, మూడు నెలలు, ఆరు నెలలు.
స్కోరు కాగితం అడుగుతుంది:
మెట్లు దిగగలరా?
కారెక్కి దిగగలరా?
"కారేటమ్మా?" అంది కొర్లమ్మ.
కత్తిపీట ముందు గొంతుక్కూర్చోగలరా అని
ఆ కాగితం అడగదు.
సింహాద్రి కొండ చుట్టూ ఆషాఢ పున్నమికి
రాత్రంతా నడవగలరా అనీ అడగదు.
సూరిదేముడు అడిగాడు.
ఎముక నాలుగో నెలకే అతికింది,
చిప్ప కింద మాత్రం మెట్టుమెట్టుకీ సూది.
"సగం నడిచి సగం ఆటో ఎక్కితే దేముడొప్పుకుంటాడా?"
దానికి నా దగ్గర ఏ సగటూ లేదు.

ముప్పై ఎనిమిది మందే వచ్చారు.
రెండు కవర్లు సొరుగులో అలాగే ఉన్నాయి,
విరగని రెండు కాళ్ళు
ఊళ్ళో ఎక్కడో నడుస్తున్నాయి.

గణనీయమైన తేడా లేదు, అని రాశాను.
పరీక్షకులు తలూపారు. టీ వచ్చింది.

తరవాతి మంగళవారం ఓపీ బల్ల మీద
ఇద్దరూ పక్కపక్కనే.
ఆమె చీర కుచ్చిళ్ళు పక్కకి తీసి
తొడ వారన జానెడు గాటు చూపిస్తోంది.
ఆయన లుంగీ ఎత్తి
మోకాలి మీద రెండంగుళాల గీత.
"నీదే మేలు, సిన్నది."
"నీదే మేలు. నాది కీల్లోంచి దూర్సినారు."
నన్ను చూసి ఇద్దరూ ఆపేశారు,
క్లాసులో మాట్లాడుతూ దొరికిపోయినట్టు.

"కూకోగలుగుతున్నావా?" అన్నాను, ఆమె మాటలోనే.
"కూకోలేనమ్మా. అందుకే పీటనే పైకి లేపినాను.
నాలుగిటికలు. తిరగేసిన ఐసు ట్రే మీద నాను."

సూరిదేముడు లెక్కేశాడు, వేళ్ళ మీద.
"నాలుగు సాలవు. ఇంకోటెట్టు.
రేపొచ్చి కదలకుండా బిగిస్తాను."
ఆగి, నా వైపు చూసి,
"మరీ గట్టిగా కాదులెండి" అన్నాడు.