పది నిమిషాల గడువు

వాల్విస్ బేలో పొద్దున పూట సముద్రం కనబడదు.
పొగమంచు వచ్చి ఓడరేవును మింగుతుంది,
పదకొండింటికి గానీ ఉమ్మేయదు.
చేపల ఫ్యాక్టరీ మేడ మీద
పాత రౌటర్ మూత విప్పి హిల్యా నాకు చూపించింది:
ఫ్యాన్ రెక్కల మీద ఉప్పు,
ఉప్పులో ఎడారి ఇసుక.
"ఏడేళ్ళు ఈ గాలే పీల్చింది" అంది.
దానికి జరిగిన సంతాప సభ అంతే.

కొత్తది కొనాలి. బల్ల మీద మూడు కొటేషన్లు.
మొదటిదాంట్లో సున్నాలు లెక్కపెట్టేలోపు
నా టీ చల్లారిపోయింది.
రెండోదానికి ఏటేటా లైసెన్సు కట్టాలి,
కట్టని ఏడాది పెట్టె మనదే, పని మాత్రం మనది కాదు.
మూడోదానికి రంగుల బొమ్మల్లేవు.
దాన్ని అమ్మడానికి విండ్‌హుక్ నుంచి ఎడారి దాటి వచ్చిన కుర్రాడు
చొక్కా నలగకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు.

హిల్యా వేగం సంగతి ఎత్తలేదు.
"ఎన్‌క్రిప్షన్ వేశాక ఎంత మిగులుతుంది?
ల్యూడరిట్జ్‌లో అర్ధరాత్రి పవర్ సప్లై కాలిపోతే
ఇంకోటి ఎక్కడుంది,
మీ గోడౌన్‌లోనా, మీ మాటలోనా?"
కుర్రాడు నీళ్ళు నమిలాడు.
కిటికీ వైపు చూశాడు, కిటికీ నిండా మంచే.
"జోహన్నెస్‌బర్గ్‌లో. మూడు రోజులు పడుతుంది."
ఆ నిజానికే కొన్నాం అతని దగ్గర.
రెండు కొన్నాం,
ఒకటి పనికి,
ఇంకోటి ఆ మూడు రోజులకి.

రౌటర్ అంటే ఏమిటో పుస్తకంలో చదివాను గానీ
గేటు దగ్గర గోరాసెబ్‌ను చూశాకే అర్థమైంది.
లారీ వస్తుంది, కాగితం చూస్తాడు, చెయ్యి చూపిస్తాడు.
ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఓడా ఎక్కలేదు.
సరుకు ఏ దేశం పోతుందో అడగడు.
తర్వాతి మలుపు తెలుసు, అంతే,
ఒక్క లారీ కూడా దారి తప్పలేదు.

రాత్రి. ల్యూడరిట్జ్ రౌటర్ పగలంతా నడిపితే గానీ చేరని దూరంలో ఉంది,
నా వేళ్ళకి మాత్రం గజం దూరం.
"ముందు గడువు పెట్టు" అంది హిల్యా వెనక నుంచి.
"పది నిమిషాల్లో నువ్వు వద్దనకపోతే
తనంతట తానే ఆగి మళ్ళీ లేవాలి.
సేవ్ చేయకు.
లేచేసరికి ఈ రాత్రి దానికి గుర్తుండకూడదు."

పెట్టాను. ఆ తర్వాత జాబితా:
కోల్డ్ స్టోరేజీ థర్మామీటర్లు రావచ్చు,
కాటా లెక్కలు రావచ్చు,
మిగతా ఎవరూ రాకూడదు.
ఎంటర్ కొట్టాను.
కర్సర్ నిలబడిపోయింది.
మిగతా ఎవరూ అన్నదాంట్లో నేనూ ఉన్నాను.
కూర్చున్న కొమ్మ నరుక్కునేవాడికి
చప్పుడైనా వినిపిస్తుంది కాబోలు.
ఇక్కడ అదీ లేదు.

హిల్యా తిట్టలేదు. రూయిబోస్ టీ పోసింది.
"ఒషకాటిలో నాకెవరూ గడువు సంగతి చెప్పలేదు.
ఆసుపత్రి లైను నా చేత్తోనే తెంచాను.
పికప్‌లో తొమ్మిది గంటలు,
దారి పొడుగునా ఆ ఒక్క లైనే కళ్ళ ముందు."
ఇంకేమీ చెప్పలేదు. చెంచా తిప్పుతూ కూర్చుంది.

ఆరో నిమిషం. ఏడో నిమిషం.
రేవులో ఏదో ట్రాలర్ కూత పెట్టింది.
పింగ్‌కి జవాబు లేదు, జవాబు లేదు, జవాబు లేదు.
పది దాటింది. పదమూడు.
పద్నాలుగో నిమిషంలో ఒక జవాబు,
వెంటనే ఇంకోటి,
ఆనక వరసగా, చీమల బారులా.
థర్మామీటర్లు మైనస్ పద్దెనిమిది అన్నాయి.
చేపలకేమీ తెలియలేదు.

"మళ్ళీ మొదట్నుంచి" అంది.
ఈసారి జాబితాలో మొదటి వరుస నా పేరిట రాశాను.
అన్నీ పలికాయి. సేవ్ చేశాను.
లైట్లార్పి మెట్లు దిగుతున్నాం,
కింద గోరాసెబ్ రేడియో సన్నగా మోగుతోంది.
సగం మెట్ల మీద హిల్యా ఆగింది.

"గడువు ఆపావా?"

రెండేసి మెట్లెక్కుతూ పరిగెత్తాను.