రిబ్బన్లు విప్పేటోడు

అందరు ఉరికినంక నేను బయల్దేరుత.
చెట్లకు కట్టిన నారింజ రిబ్బన్లు
ఒక్కొక్కటే విప్పుకుంట,
ఆఖరి మనిషి ఎనక ఇంకో ఆఖరి మనిషిగ.
ఇరవై ఆరేండ్లు మెహిదీపట్నం డిపోల కండక్టర్ చేసిన.
లాస్టు బస్సు నాకు కొత్త గాదు.

"ఉరుకుడంటే ఉరుకుడే గద,
అండ్ల రకాలేంది?" అంటది బాలమణి,
ఉల్లిగడ్డ తరుక్కుంట.
బస్సంటే బస్సేనా మరి?
పల్లెవెలుగు వేరు, మెట్రో ఎక్స్‌ప్రెస్ వేరు.
ఆగే జాగలు వేరు. ఎక్కే మనుషులు వేరు.

క్రాస్ కంట్రీ నా మొదటి ఉరుకుడు.
అత్తాపూర్ కాడ, మూసీ ఒడ్డున,
కోసిన గడ్డిచేన్ల, ఉత్త కాళ్లతోని.
అండ్ల ఒక్కడు గెలిస్తె చాలదు.
ఎవరెవరు ఎన్నో నంబరొచ్చిన్రో కూడుతరు,
తక్కువ మొత్తం ఏ బడిదో ఆ బడి గెలిచినట్టు.
మా బడికి నేను ఐదోవాణ్ని. నలభై ఒకటి.
ఆ నలభై ఒకటి సుత లెక్కల పడ్డది.
అట్ల లెక్కల పడుడు
మళ్ల ఏడ దొరకలే.

ట్రెయిలంటే ఖాజాగూడ.
గుండు మీద గుండు,
ఇల్లు మారేటోళ్లు దించి మర్సిపోయిన సామాన్ల లెక్క.
ఇక్కడ కాలుకన్న ముందు కన్ను పడాలె.
ఇక్కడి కిలోమీటరు రోడ్డు మీది కిలోమీటరుకు
పెద్దనాయిన.
నిరుడు నేను రిబ్బను కట్టిన గుండు ఈ యేడు లేదు.
దాని జాగల ముప్పై అంతస్తులు లేస్తున్నయి.
ఆ రిబ్బను ఎవరు విప్పిన్రో.

గుట్ట రేసు పొట్టిది, కోపం ఎక్కువ.
పైకి, ఇంక పైకి, అంతే.
మోకాళ్ల మీద చేతులు ఆనిచ్చి నడిచెటోడు
ఉరికెటోన్ని దాటిపోతడు.

బురద రేసు గురించి ఏం చెప్పాలె?
శంషాబాద్ అవతల తోటల గోడలు, టైర్లు, తాళ్లు,
గెలుపుకన్న ఫోటో ముఖ్యం.
ఆ పొద్దుమీకి నేను విప్పింది రిబ్బన్లు గాదు,
బురదలకెల్లి బూట్లు పీకిన.
పదకొండు.
అన్నీ ఎడమకాలియే. ఎందుకో ఇప్పటికీ తెల్వది.

నక్ష చేతిలిచ్చి, దిక్సూచి ఇచ్చి,
పొదల్ల దాచిన జెండాలు దొరికిచ్చుకోమనే రేసుంది.
దాంట్ల రిబ్బన్లుండయి, నాకు పనుండది.
జోరుగ ఉరికెటోడు జోరుగ తప్పిపోతడు.
ఒక్కసారి ఫస్టొచ్చిన పిల్ల
రేగుపండ్లు తినుకుంట, నడుసుకుంట వచ్చింది.

ఇగ అల్ట్రా.
మారథాన్ దాటినంక మొదలయ్యే ఊరు అది.
గండిపేట చెరువు చుట్టు రాత్రంత,
ఉడికిన ఆలుగడ్డ, ఉప్పు, తలకు కట్టిన లైటు.
ఆ రాత్రి ఆఖరున ముంతాజ్ మేడం.
మలక్‌పేట కాలేజీల లెక్కలు చెప్తది, యాభై మూడేండ్లు.
ఇరవై అడుగుల ఎనక నేను,
నా లైటు ఆర్పేసుకొని.
లాస్టు బస్సు హారన్ కొట్టొద్దు,
ఎక్కెటోళ్లకు గాబరయితది.

మూడు గొట్టంగ ఆమె ఆగింది.
"భాయ్, మీది ఎన్నో నంబరు?"
"నేను లెక్కల లేను మేడం."
"నా ఎనక ఉన్నరు గద?"
"ఉన్న."
"మరి నేను లాస్టెట్లయిత?"
అని, బూటు లేసు బిగిచ్చి,
మళ్ల కదిలింది.
టైముకు నాలుగు నిమిషాలు ఆలిశమైంది ఆమెకు.
పతకం ఇయ్యలే.
అయినా గీత దాటినంక ఎనక్కి తిరిగి
నేను సుత దాటేదాంక నిలబడ్డది.

ఇంటికొచ్చి సంచి బోర్లిస్తె
రిబ్బన్ల కుప్ప.
బాలమణి రెండు తీసుకొని
బాల్కనీల బీరతీగను కిటికీ ఊచలకు కట్టింది.
అది ఏ రకం ఉరుకుడో నేనింక అడగలే.
రోజుకు జానెడు పోతున్నది.