కాటా

మా అబ్బాజాన్ పిరికివాడు.
కుక్క మొరిగితే వీధి మారేవాడు,
ఉరిమితే నా చెయ్యే పట్టుకునేవాడు.

చిత్తూరు బెల్లం మండీలో
ఇరవై ఏళ్ళు కాటా ఆయనది.
ఆ చలికాలం తెల్లారుజామున
బంగారుపాళ్యం రైతొకడు
తువ్వాలు తలకింద పెట్టుకుని నిద్రపోతుంటే
షావుకారు కళ్ళతోనే చెప్పాడు:
దిమ్మకి కిలో కొట్టెయ్.

లుంగీలో మోకాళ్ళు వణకడం
నాకు కనిపించింది.
బిస్మిల్లా అన్నాడు, దగ్గినట్టుగా.
పోయి రైతు భుజం తట్టాడు.
"లెయ్యి నాయినా,
నీ తూకం నువ్వే చూసుకో."

మధ్యాహ్నానికి పని పోయింది.
ఆ నెలంతా సంగటిలోకి ఊరుబిండే.

ఇంటికొస్తూ
కట్టమంచి మలుపులో కుక్కని చూసి
మళ్ళీ వీధి మారాడు.
నాకు నవ్వాగలేదు. ఆయనకీ.
"భయం యాడికీ పోలా బేటా.
రేపు ఆ పైనోడు నన్ను తూచే కాటా యాదికొచ్చె,
ఈ కాటా చిన్నదై పాయ."

ఇషా నమాజులో పక్కనే ఉన్నాను.
సజ్దాలో నేలకానిన అరచేయి,
కడిగినా పోని బెల్లం జిగురు.
ఓ గండుచీమ
వేలి మీదికెక్కి కుట్టింది.

అబ్బాజాన్ కదల్లేదు.