గుండా, బద్దా

కాశీబుగ్గలో రైలుగేటు పడితే తప్ప
మా లేత్ షెడ్డు ముందు ఏ కారూ ఆగదు.

చేతికి సొన అంటకుండా
జీడిగింజ కోసే మిషను చేశాను.
మూడేళ్ళు, మా ఆవిడ గొలుసు, నా చూపుడువేలి గోరు.

బెంగుళూరాయన ఫోన్లోనే చూశాడు,
మిషనుని కాదు, నా నోటిని.
"పదేళ్ళకి ఎన్ని దేశాల్లో ఉంటుంది?"
మందస వెళ్ళడానికే ఆటో బేరమాడేవాణ్ణి.
మునిగిపోయినా పర్వాలేదట,
చిన్నగా మాత్రం ఉండిపోకూడదట.
"ఢిల్లేశ్వర్రావంటే, మీది ఢిల్లీయా?"
కాదండీ, ఇక్కడ వీధికి ఇద్దరం ఉంటాం.

ముంబయివాళ్ళు మూడేళ్ళ లెక్కలడిగారు.
షెడ్డు గోడమీద బొగ్గుతో ఉన్నాయి,
ఫొటో తీసి పంపాను.

హైదరాబాదులో ఒకాయన కాఫీకి పిలిచాడు.
నాకు తెలిసినవాళ్ళలో
తనకు తెలిసినవాళ్ళెవరని గంటసేపు వెతికాడు.
మిషను సంగతి లిఫ్టు దగ్గరకొచ్చింది.
"ముందు ఇంకొకర్ని పెట్టనీ, వెనకాల నేనున్నా."
వెనకాల ఉన్నవాళ్ళతో ఊరేగింపే తీయొచ్చు,
ముందు నడిచే మనిషే లేడు.

తిరిగొచ్చేసరికి గవరయ్య సావుకారు
మా షెడ్డులో బస్తామీద కూచున్నాడు.
ఏటీ అడగలేదు.
జేబులోంచి గింజ తీసి పెట్టి, మీట తొక్కి,
పప్పుని వెలుగులోకి ఎత్తాడు.
"గుండే."
ఇంకోటి. "గుండే."
పదకొండోది బద్దయింది. నవ్వాడు.
"అన్నీ గుండొస్తే ఏదో మాయనుకుందును."
రెండు లక్షలు. కాయితం లేదు.
మొదటి పది మిషన్లూ ఆయన బట్టీకే,
పక్క బట్టీవాడికి దీపావళి దాకా చూపించకూడదు,
ఆయన మేనల్లుడికి నా దగ్గర పని.
చుట్ట ఆరేలోపు అయిపోయింది.

సాయంత్రం తవిటమ్మ వచ్చింది,
బూడిద రాసుకున్న అరచేతుల్తో.
గీతలన్నీ జీడి తినేసింది,
సోదెమ్మకి కూడా అందులో ఏటీ దొరకదు.
మిషను చుట్టూ తిరిగింది, ముట్టుకోలేదు.
"కేజీకింతని కదా బావూ మా కూలి?
నలుగురి పని ఇదొక్కర్తే సేసేస్తే
మిగతా ముగ్గురం ఏటైపోతాం?"

ఇన్ని ఊళ్ళు ఇన్ని అడిగాయి, ఇది అడగలేదు.
గవరయ్య అడగలేదంటే
తెలియక కాదు.

గేటు పడింది.
గూడ్సుబండి, చాలా పొడుగు.
అది దాటేదాకా
ఎవరి మాటా ఎవరికీ వినపడదు.