మంచుకి మొక్కజొన్న పిండి

వడపళనిలో, రెండో అంతస్తులో, కిటికీలు లేని గదిలో
నేను ముప్పై ఏళ్లు నడిచాను.
కలిపి లెక్కేస్తే ఏ దేశం చేరేదాన్నో తెలీదు,
గది పొడుగు మాత్రం పదకొండు అడుగులు.

తెర మీద ఎవరెవరో వెళ్లేవాళ్లు.
కాళ్లు వాళ్లవి. చప్పుడు నాది.
ఎడారి దాటేవాడికి రెండు ట్రేల ఇసుక,
మునిగే ఓడకి మా అత్తగారి నులకమంచం,
గద్ద రెక్కలకి ఊచ విరిగిన గొడుగు.
విరిగే ఎముకకి ములక్కాడ.
మిగిలిన ముక్కలు సాయంత్రం సాంబారులోకి.

మంచుకి మొక్కజొన్న పిండి.
పాత దిండు గలీబులో కిలోన్నర పోసి మూతి కుట్టి
చెప్పుల్లేకుండా, మడమ ముందు, మునివేళ్లు తర్వాత.
కరక్. కరక్.
మైకు వింటుందని ఫ్యాను ఆపేస్తారు, ఏసీ ఆపేస్తారు.
బయట మే నెల మద్రాసు.
తెర మీద కొండెక్కే అమ్మాయికి చెమట పట్టేది కాదు,
అదంతా నా వీపు మీదే.

అద్దం అవతల్నుంచి ఎళిలన్
"ఇంకొంచెం చలిగా నడవక్కా" అనేవాడు.
చలిగా ఎట్లా నడుస్తారు?
సూళ్లూరుపేటలో పుట్టినదాన్ని.
నాకు తెలిసిన చలి, పులికాట్‌కి కొంగలొచ్చే నెలల్లో
అమ్మ తలకి చుట్టిన తువ్వాలు.

ఆ సినిమా ఆడింది.
తండ్రి కెమెరా మెళ్లో వేసుకుని
ఒక్కత్తే మంచులోకి పోయే అమ్మాయి కథ.
మా వీధి టైలరు కొడుకు బోనస్ డబ్బుతో బూట్లు కొన్నాడు.
బ్యాంకులో పనిచేసే ఇద్దరాడవాళ్లు
మొగుళ్లని అడగకుండా, మొగుళ్లకి చెప్పి రైలెక్కారు.
ఆ చప్పుడు వినాలట అందరికీ.
పిండిమూట చూపిద్దామా అని నవ్వొచ్చింది.
నవ్వు చాలాసేపు ఉండలేదు.
అందరికీ పెట్టెలెత్తి ప్లాట్‌ఫారం మీదే మిగిలినదాన్ని.

యాభై ఎనిమిదో ఏట ఢిల్లీ రైలెక్కాను.
రెండు రాత్రులు. తర్వాత బస్సు, మలుపులు, వాంతులు.
అద్దాలు గిలగిలలాడుతుంటే కూడా అదే బుద్ధి:
ఇది స్పూన్ల డబ్బాతో వచ్చేస్తుంది, అనుకుంటూ.

దిగి, కేకలేసే జనానికి దూరంగా
ఎవరూ తొక్కని చోటికి పోయి కాలు పెట్టాను.
ఏమీ లేదు.
తడిగుడ్డ బకెట్లోకి జారినట్టు దిగింది.
ఇంకో అడుగు. అంతే.
నా పిండే నయం.

పక్కన ఒక కుర్రాడు, ఆవడి నుంచట,
తన బూట్ల వైపు చెవి పెట్టి వంగి ఉన్నాడు.
"సినిమాలో వచ్చినట్టు రావట్లేదక్కా" అన్నాడు తమిళంలో.
వాడికేం చెప్పను?
"తెల్లారకముందు రా, గట్టిపడుంటుంది" అన్నాను,
అదేదో నాకు తెలిసినట్టు.

మర్నాడు నాలుగున్నరకి ఇద్దరం.
వాడు ముందు. నేను వెనక, వింటూ.
వచ్చింది. కానీ నేను చేసింది కాదు అది.
కాలు ఆనడానికీ పెంకు విరగడానికీ మధ్య
అర క్షణం,
నిలుస్తుందో మింగుతుందో తెలీని అర క్షణం ఉంది.
నా పిండి ఏనాడూ అట్లా అనుమానించలేదు.
గచ్చు మీద పరిచిన మూట,
ఎక్కడికి దిగుతుంది పాపం.
వాడు వెనక్కి తిరిగి "వినపడిందా?" అన్నాడు.
తలూపాను. నేనెవరో చెప్పలేదు.

తిరిగొచ్చాక ఇంకో సినిమా, ఇంకో కొండ.
"అడుగు లేటుగా పడుతోందక్కా, కలవట్లేదు."
"కలవదు. ఉంచు."
మిక్సింగులో రెండు ఫ్రేములు ముందుకి జరిపేశాడు.
నాకు తెలుసు. వాడికీ తెలుసు నాకు తెలుసని.

పిండికి పురుగు పట్టింది, పారబోశాను.
బ్యాగు మాత్రం మంచం కిందికి తొయ్యలేదింకా.
వచ్చే నెల్లో సముద్రం సీన్లట.
"ఒక బకెట్టు చాలు కదక్కా" అన్నాడు ఎళిలన్.

ఏ సముద్రం, అని అడిగాను.