రిమార్కుల గడి

రికార్డు గది కిటికీ తీస్తే నాగావళి కనిపిస్తుందని
చేరినరోజు ఎవరో చెప్పారు.
తీసి చూశాను.
వాటర్ ట్యాంకు, దాని అంచున కాకి.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
నా పని రాసుకోవడమే.
పేరు, వయసు, ఊరు,
పుండు ఎక్కడ, చివరికి ఏమైంది.
పక్కన సన్నగా రిమార్కుల గడి,
రెండు మాటలు ఇరుక్కునేంత.

పన్నెండేళ్లు రాస్తే చేతికే తెలిసిపోతుంది.
గార మండలం, ఆడ, యాభై ఎనిమిది
అని రాస్తుండగానే
కలం అంగిలి వైపు జరుగుతుంది.
ఆ ఒడ్డున ఆడవాళ్లు
చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుంటారు.
అడ్డపొగ.
ఎదురుగాలికి ఆరదు,
తట్ట పట్టుకున్న చేతులకి పని చెప్పదు.

మగవాళ్లకి నాలుక, గొంతు, కడుపు.
సీతంపేట కొండ దిగొచ్చినాయన్ని వయసు అడిగితే
"పెద్దగాలికి ముందే పుట్టాను" అన్నాడు.
ఏ గాలి అని అడగలేదు, నలభై ఐదు వేశాను.
గర్భసంచి ముఖద్వారం అని రాస్తే గడి చాలదు,
కింది వరుసలోకి దిగి
ఇంకొకామె పేరుని ఆనుకుంటుంది.

మొన్న ఓ కుర్ర డాక్టరమ్మ వచ్చింది,
లెక్కలు తీసి ఏదో రాసుకోవాలట.
మూడు రోజులు పేజీలు తిప్పి
"ఇంత జబ్బుకి చావులు ఇంత తక్కువా?" అంది.
రిమార్కుల గడి మీద వేలు పెట్టి చూపించాను.
స్వంత కోరికపై.
స్వంత కోరికపై.
పై గడిలో ఉన్నదే కింద, చుక్కలు పెట్టి.

గనగళ్ల ఎర్రమ్మ కోరిక ఏమిటో నాకు తెలియదు.
దవడకి కట్టు, మాట లేదు.
తమ్ముడే వేలిముద్ర వేయించాడు.
"పీనుగైతే బండికి ఐదేలంట బావూ,
పేనంతో ఉంటే ఆటో ఎనిమిదొందలే."
అని, కాసేపాగి,
"సముద్రంగాలి తగిల్తే దానికి బాగుంటాది" అన్నాడు.
రెండూ నిజమే.
నా పుస్తకంలో ఎర్రమ్మ పోలేదు.
అలాంటివాళ్లని ఓ ఆదివారం కూర్చుని లెక్కేశాను,
రెండొందల పద్నాలుగు మంది.
అందరూ ఎక్కడో ఇసకలో కూర్చుని
ఇంకా చేపలు ఎండేస్తూ ఉండాలి.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.
ఆ గడికి తన కాగితంలో చోటు లేదంది.

రాత్రి ఇంటికొస్తే కరెంటు లేదు.
మా అప్ప అరుగు మీద వలకి అతుకు వేస్తోంది,
నోరు మూసుకుని.
ఫోన్ లైటు వేసి "ఒకసారి నోరు తెరువప్పా" అన్నాను.
"ఏటి సూస్తావురా, పళ్లా? నాలుగే ఉన్నాయి."
అని నవ్వింది.
నవ్వినప్పుడు లోపల
ఎర్రగా కొంచెం వెలుగు.

లైటు ఆర్పేశాను.
రేపు అడుగుతాను.